తమ్ముడు, వదిన, అన్న: ఒక సింగపూర్ సి.ఇ.ఓ. కథ

మనవాళ్ళ మధ్య సింగపూర్ పేరెత్తితే ఒక మాట ఖాయంగా వినబడుతుంది. "అక్కడ టాలెంటు ఉంటే చాలు, రికమెండేషన్లు నడవవు" అని. 2014లో రాష్ట్రం విడిపోయి కొత్త రాజధాని కట్టాల్సి వచ్చినప్పుడు కూడా మన నోళ్ళలో నలిగిన పోలిక "సింగపూర్ లాంటి" అనే కదా. రోడ్లు, మెట్రో, శుభ్రత సంగతి సరే. ఈ "రికమెండేషన్లు నడవవు" అన్నదాన్ని మాత్రం కాస్త తరచి చూడాలనిపించింది. అందుకు ఒక మనిషి కథ బాగా పనికొస్తుంది. ఆయన మనలాగే ఇంజనీరింగ్ చదివాడు, ఒక టెలికాం కంపెనీకి పన్నెండేళ్ళు సి.ఇ.ఓ.గా చేశాడు. పేరు లీ సీన్ యాంగ్.

సింగపూర్‌ని 1959 నుంచి 1990 దాకా, అంటే 31 ఏళ్ళు, ప్రధానిగా ఏలిన లీ క్వాన్ యూకి ఈయన చిన్న కొడుకు. పెద్ద కొడుకు లీ సీన్ లూంగ్ 2004 నుంచి 2024 దాకా ప్రధాని. మధ్యలో ఒక కూతురు, లీ వెయ్ లింగ్, మెదడు, నరాల డాక్టరు. అన్నదమ్ములిద్దరి పేర్లలోనూ "లీ సీన్" ఉంది కాబట్టి చదివేవాళ్ళు తికమక పడకుండా ఇకనుంచి అన్నని లూంగ్ అని, తమ్ముడిని యాంగ్ అని రాస్తాను.

ముందు ఆయన రెజ్యూమె చూద్దాం. 1957లో పుట్టాడు. ప్రెసిడెంట్స్ స్కాలర్‌షిప్‌తో పాటు సైన్యం ఇచ్చే స్కాలర్‌షిప్ కూడా తెచ్చుకుని కేంబ్రిడ్జిలో ఇంజనీరింగ్ ఫస్ట్ క్లాసులో పూర్తి చేశాడు. తర్వాత స్టాన్‌ఫోర్డ్‌లో మేనేజ్‌మెంట్. సైన్యంలో బ్రిగేడియర్ జనరల్ దాకా ఎదిగాడు. 1994లో సింగపూర్ టెలికాం (సింగ్‌టెల్)లో చేరి, 1995లో దాని సి.ఇ.ఓ. అయ్యాడు. అప్పటికింకా నలభై నిండలేదు. కంపెనీ ఏమో దేశంలోకెల్లా పెద్ద లిస్టెడ్ కంపెనీ.

ఇది చదవగానే మనకి రెండు రకాల ఆలోచనలు వస్తాయి. ఒకటి, "ఆ ఇంటిపేరు ఉంటే నేనూ అవుతాను సి.ఇ.ఓ.". రెండోది, "కేంబ్రిడ్జి ఫస్ట్ క్లాసు ఊరికే వస్తుందా? అర్హుడే". ఈ వాదన ఎన్ని గంటలైనా సాగుతుంది, తేలదు. ఎందుకు తేలదన్నదే నాకు అసలు ఆసక్తి.

మొదట ఆయన పక్షాన చెప్పాల్సింది చెప్పాలి. సైన్యం నుంచి టెలికాం కంపెనీకి రావడం సింగపూర్‌లో వింతేమీ కాదు. అక్కడ ఒక పద్ధతి ఉంది. ఇంటర్ స్థాయిలో బాగా చదివే పిల్లల్ని ఏరి, ప్రభుత్వమో సైన్యమో స్కాలర్‌షిప్ ఇచ్చి విదేశాలకి పంపిస్తుంది. బదులుగా కొన్నేళ్ళు పనిచేస్తామని బాండ్ రాయించుకుంటుంది (బాండ్ అంటే ఏంటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు). వాళ్ళలో పైకొచ్చినవాళ్ళు ఆ తర్వాత ప్రభుత్వ సంస్థల్లోకి, ప్రభుత్వానికి వాటాలున్న కంపెనీల్లోకి వెళ్తారు. మన దగ్గర ఐఏఎస్‌నో ఐపీఎస్‌నో తీసుకొచ్చి ఆర్టీసీకి ఎండీగా వేస్తారు చూడండి, అలాంటిదే, కాకపోతే ఇంకా పకడ్బందీగా. ఆ దారిలో నడిచిన జనరల్స్ చాలామందే ఉన్నారు, వాళ్ళందరి నాన్నలూ ప్రధానులు కారు. కాబట్టి యాంగ్ వచ్చింది దొడ్డిదారిన కాదు. రాజమార్గమే. ఆ రాజమార్గం వేసింది మాత్రం వాళ్ళ నాన్నగారి ప్రభుత్వమే.

ఇక పని సంగతి. సింగ్‌టెల్ అంతకుముందు ప్రభుత్వ శాఖ లాంటిదే. 1992లో దాన్ని కంపెనీగా మార్చి, 1993లో షేర్ మార్కెట్లోకి తెచ్చారు. మామూలు పౌరులకి తక్కువ ధరకి షేర్లు ఇచ్చారు. అంటే ఈ కంపెనీ ఎలా నడుస్తుందన్నది ఏదో పెద్దవాళ్ళ వ్యవహారం కాదు, ఇంటింటి డబ్బు అందులో ఉంది. యాంగ్ వచ్చేసరికి ఫోన్లలో దానిదే గుత్తాధిపత్యం. 1997లో మొబైల్ సేవల్లోకి మొబైల్‌వన్ అనే పోటీ కంపెనీ వచ్చింది. 2000 ఏప్రిల్ 1 నుంచి మార్కెట్ మొత్తం తెరిచేశారు. నిజానికి అది 2002లో జరగాల్సింది, ప్రభుత్వం రెండేళ్ళు ముందుకు జరిపి, అందుకు సింగ్‌టెల్‌కి పరిహారం కట్టింది.

అప్పటికి ద్వీపం జనాభా 40 లక్షలు. అంటే అప్పటి హైదరాబాదు కన్నా చిన్న మార్కెట్. పోటీ వచ్చాక అందులో వాటా తగ్గుతుందే కానీ పెరగదు. కాబట్టి కంపెనీ బయటికి వెళ్ళాలి. యాంగ్ పన్నెండేళ్ళ పనిని ఒక్క వాక్యంలో చెప్పాలంటే ఇదే: ఒక ఊరి టెలిఫోన్ కంపెనీని ఆసియా కంపెనీ చేయడానికి ప్రయత్నించాడు.

మొదటి పెద్ద ప్రయత్నం బెడిసికొట్టింది. 2000 మొదట్లో హాంకాంగ్ టెలికాం (కేబుల్ అండ్ వైర్‌లెస్ హెచ్‌కెటి)తో విలీనానికి చర్చలు జరిగాయి. కానీ సింగపూర్ ప్రభుత్వానికి మెజారిటీ వాటా ఉన్న కంపెనీ చేతికి హాంకాంగ్ ఫోన్లు వెళ్ళడమేంటని అక్కడ గుసగుసలు మొదలయ్యాయి. చివరికి దాన్ని ఎగరేసుకుపోయింది రిచర్డ్ లీ. ఈయన హాంకాంగ్ కుబేరుడు లీ కా-షింగ్ చిన్న కొడుకు. సరదాగా ఉంది కదా? ఒక రాజకీయ కుటుంబపు చిన్న కొడుకుని ఒక వ్యాపార కుటుంబపు చిన్న కొడుకు ఓడించాడు. రిచర్డ్ లీ కంపెనీ అప్పటి డాట్‌కామ్ గాలికి ఉబ్బిన షేర్లతో కొన్నది, గాలి తీసేశాక ఆ షేరు కుప్పకూలింది. కాబట్టి ఆ బేరం తప్పిపోవడం సింగ్‌టెల్‌కి మంచికే జరిగింది అనుకోవచ్చు. అదే ఏడాది మలేషియాలో ఒక కంపెనీలో వాటాకి ప్రయత్నిస్తే అక్కడా "సింగపూర్ ప్రభుత్వం" అన్న మాటే అడ్డొచ్చింది.

ఇక్కడొక విషయం గమనించండి. ఇంట్లో తలుపులు తెరిచిన సంబంధమే, పక్కింటికి వెళ్తే తలుపు మూయించింది.

2001లో ఆస్ట్రేలియాలో రెండో పెద్ద టెలికాం కంపెనీ ఆప్టస్‌ని కొన్నాడు. దాదాపు 1,700 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల వ్యవహారం. ఆప్టస్ ఉపగ్రహం మీద ఆస్ట్రేలియా రక్షణ శాఖ పరికరాలు కూడా వెళ్ళాల్సి ఉండడంతో అక్కడా భద్రత గురించి ప్రశ్నలొచ్చాయి, షరతులతో ఒప్పుకున్నారు. ధర మరీ ఎక్కువ పెట్టారని మార్కెట్ పెదవి విరిచింది, సింగ్‌టెల్ షేరు పడింది. కొన్నేళ్ళు గడిచాక గ్రూపు ఆదాయంలో సగానికి పైగా ఆస్ట్రేలియా నుంచే రావడం మొదలైంది. ఇండోనేషియాలో టెల్‌కమ్‌సెల్‌లో 35 శాతం. థాయ్‌లాండ్‌లో ఏఐఎస్, ఫిలిప్పీన్స్‌లో గ్లోబ్.

ఇండియాలో భారతి. ఇది మన ఇంటి దాకా వచ్చిన కథ. 1999లో భారతి వాళ్ళు జేటీ మొబైల్స్‌ని కొని ఆంధ్రప్రదేశ్, కర్ణాటక సర్కిళ్ళలోకి అడుగుపెట్టారు. 2000లో సింగ్‌టెల్ భారతిలో దాదాపు 40 కోట్ల అమెరికన్ డాలర్లు పెట్టింది. ఆ రోజుల్లో ఇండియా మొబైల్ మార్కెట్ మీద అంత డబ్బు పెట్టడం తేలికైన నిర్ణయం కాదు. కాల్ రేట్లు చుక్కల్లో ఉండేవి, చందాదారులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఆ రెండు కంపెనీలూ చెరిసగం పెట్టుబడితో చెన్నై నుంచి సింగపూర్‌కి సముద్రం అడుగున దాదాపు 3,200 కిలోమీటర్ల కేబుల్ వేశాయి, 2002లో అది మొదలైంది. నేనప్పుడు బడిలో అక్షరాలు దిద్దుకుంటున్న వయసు. కానీ మాదాపూర్‌లో నాకన్నా సీనియర్లు అమెరికా క్లయింట్లకి పంపిన కోడులో ఎంతో కొంత ఆ తీగ మీద ప్రయాణించే ఉంటుంది.

2007 మార్చి దాకా ఉండి, అప్పటిదాకా కంపెనీ ఆర్థిక వ్యవహారాలు చూసిన చువా సాక్ కూంగ్ అనే ఆవిడకి పగ్గాలు ఇచ్చి దిగిపోయాడు. నన్నడిగితే, రికార్డు బాగుంది. అద్భుతం అనను. ఓటములున్నాయి, ఎక్కువ ధర పెట్టినవి ఉన్నాయి, భారతి లాంటి బంగారు బాతులూ ఉన్నాయి. ఏ పెద్ద కంపెనీ సి.ఇ.ఓ. రికార్డైనా ఇలాగే ఉంటుంది.

సరే, అర్హుడే అనుకుని మూసేద్దామా? ఆగండి. అప్పటి ఆర్గ్ చార్ట్ ఒకసారి గీద్దాం.

సింగ్‌టెల్ సి.ఇ.ఓ. యాంగ్. సింగ్‌టెల్‌లో మెజారిటీ వాటా టెమాసెక్‌ది. టెమాసెక్ అంటే ప్రభుత్వ వాటాల్ని చూసుకోవడానికి 1974లో పెట్టిన కంపెనీ. దాని ఎగ్జిక్యూటివ్ డైరెక్టరుగా 2002లో వచ్చినావిడ హో చింగ్, 2004లో సి.ఇ.ఓ. అయ్యారు. ఆవిడ లూంగ్ భార్య, అంటే యాంగ్‌కి వదిన. టెమాసెక్ యజమాని ఆర్థిక శాఖ. 2001 చివరి నుంచి 2007 చివరి దాకా ఆర్థిక మంత్రి లూంగ్, 2004 నుంచి ప్రధాని కూడా ఆయనే. అంటే 2002 నుంచి 2007 దాకా కంపెనీలో తమ్ముడు, దాని పైన వదిన, ఆ పైన అన్న. ఆపైన మంత్రివర్గంలో సలహాలిస్తూ నాన్నగారు. ఆదివారం భోజనాల బల్ల దగ్గర కూర్చుంటే బోర్డు మీటింగుకి కోరం సరిపోతుంది!

వాళ్ళ సమాధానం కూడా చెప్పాలి. టెమాసెక్ తన కంపెనీల రోజువారీ వ్యవహారాల్లో వేలు పెట్టదని, నియామకాలన్నీ ప్రతిభ మీదే జరిగాయని మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. హో చింగ్ కూడా స్టాన్‌ఫోర్డ్‌లో చదివిన ఇంజనీరే. కావచ్చు. అన్నీ నిజమే కావచ్చు. కానీ దాన్ని సరిచూసే దారేది? 2002లో బ్లూంబర్గ్‌లో ఒక వ్యాసకర్త హో చింగ్ నియామకంలో బంధుప్రీతి ఉందన్న అర్థం వచ్చేలా రాశాడు. బ్లూంబర్గ్ ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుని, క్షమాపణ చెప్పి, 5,95,000 సింగపూర్ డాలర్ల నష్టపరిహారం కట్టింది. ఆరోపణకి ఆధారం లేదు కాబట్టి కట్టిందనుకున్నా సరే, ఆ తర్వాత ఎంతమంది ఆ ప్రశ్న అడిగే సాహసం చేస్తారు?

మన భాషలో చెప్పాలంటే, ఎవరి కోడుని వాళ్ళే రివ్యూ చేసి మెర్జ్ చేసుకోకూడదని రూలు ఎందుకు పెట్టుకున్నాం? రాసినవాడు దొంగ అని కాదు. మంచి కోడే రాసి ఉండొచ్చు. కానీ బయటివాడెవడో చూసి "సరే" అంటే తప్ప అది మంచి కోడని మిగతావాళ్ళు నమ్మడానికి ఆధారం ఉండదు. రివ్యూ లేకపోతే చెడ్డ కోడు లోపలికి రావడం ఒక నష్టం. మంచి కోడు రాసినవాడికి ఎప్పటికీ ఆ పేరు రాకపోవడం రెండో నష్టం. ఈ రెండోది మనం మర్చిపోతాం.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట పెద్ద మేనేజర్ గారి దగ్గరి బంధువు ఒకతను మా టీములో ఉండేవాడు. మంచి పనివాడు. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ పడిపోతే లేచి సరిచేసేది అతనే. కానీ అతనికి ప్రమోషన్ వచ్చిన రోజు క్యాంటీన్‌లో ఒక్కడు కూడా "బాగా చేస్తాడు కాబట్టి వచ్చింది" అనలేదు. అంతకన్నా ఘోరం ఏంటంటే, అతని కోడులో తప్పు కనబడితే దాన్ని చెప్పేవాడూ ఉండేవాడు కాదు. మనకెందుకొచ్చిన గొడవ అని. అటు మెచ్చుకోలూ నిజం కాదు, ఇటు మౌనమూ నిజం కాదు. అతను నిజంగా ఎంతటివాడో అతనికి కూడా తెలిసే అవకాశం లేదు. రెండేళ్ళకి బంధువులెవరూ లేని ఇంకో కంపెనీకి వెళ్ళిపోయాడు. అతను చేసిన మంచి పని అదే అని నా అభిప్రాయం.

యాంగ్‌కి అలా వెళ్ళే చోటు లేదు. దేశమంతా అదే ఇంటిపేరు. సింగ్‌టెల్ తర్వాత ఫ్రేజర్ అండ్ నీవ్ అనే పానీయాల, రియల్ ఎస్టేట్ కంపెనీకి 2007లో చైర్మన్ అయ్యాడు. అప్పటికి అందులోనూ టెమాసెక్‌కి దాదాపు 15 శాతం వాటా ఉంది. 2013లో థాయ్ వ్యాపారి ఒకరు దాన్ని కొనేసేదాకా ఉన్నాడు. 2009 నుంచి 2018 దాకా పౌర విమానయాన సంస్థకి చైర్మన్.

కథ ఇక్కడితో అయిపోతే "పెద్దింటి బిడ్డ, హాయిగా రిటైరయ్యాడు" అనుకుని వదిలేసేవాళ్ళం. కానీ 2015 మార్చి 23న లీ క్వాన్ యూ చనిపోయారు. ఆయన తన పాత ఇంటిని (38, ఆక్స్‌లీ రోడ్) తన తర్వాత కూల్చేయమని విల్లులో రాశారు. దాన్ని కూల్చాలా, చరిత్ర గుర్తుగా ఉంచాలా అన్న దగ్గర తోబుట్టువులకి చెడింది. 2017 జూన్‌లో యాంగ్, అక్క వెయ్ లింగ్ కలిసి ఫేస్‌బుక్‌లో ఒక బహిరంగ ప్రకటన పెట్టారు. అన్న అధికారాన్ని వాడుకుంటున్నాడని, ప్రభుత్వ యంత్రాంగాన్ని తమ మీద ప్రయోగిస్తాడని భయంగా ఉందని దాని సారాంశం. లూంగ్ ఆ ఆరోపణల్ని ఖండించి, కుటుంబ గొడవ వీధికెక్కినందుకు దేశానికి క్షమాపణ చెప్పి, పార్లమెంటులో రెండు రోజుల చర్చ పెట్టాడు.

తర్వాత జరిగినవి వరసగా చెబుతాను. 2020లో యాంగ్ ఒక ప్రతిపక్ష పార్టీలో చేరాడు. అదే ఏడాది, తండ్రి చివరి విల్లు వ్యవహారంలో ఆయన భార్య లీ సూట్ ఫెర్న్ (ఆవిడ లాయరు) తప్పుగా నడుచుకున్నారని కోర్టు ఆవిడని 15 నెలలు ప్రాక్టీసు నుంచి సస్పెండ్ చేసింది. 2022లో భార్యాభర్తలు దేశం వదిలారు. ఆ విచారణల్లో అబద్ధపు సాక్ష్యం చెప్పారేమోనని పోలీసులు దర్యాప్తు చేస్తున్నట్టు 2023లో ప్రభుత్వం ప్రకటించింది. ఇద్దరు మంత్రులు వేసిన పరువునష్టం కేసులో ఒక్కొక్కరికి 2 లక్షల సింగపూర్ డాలర్లు కట్టాలని 2024లో కోర్టు చెప్పింది. 2024 అక్టోబర్‌లో అక్క చనిపోయింది, తమ్ముడు అంత్యక్రియలకి వెళ్ళలేదు. అదే నెలలో బయటపడిన సంగతి: బ్రిటన్ ఆయనకి రాజకీయ శరణార్థి హోదా ఇచ్చింది. సింగపూర్‌ని కట్టిన మనిషి కొడుకు, బ్రిగేడియర్ జనరల్, సింగ్‌టెల్ మాజీ సి.ఇ.ఓ., ఇప్పుడు శరణార్థి!

సింగపూర్ ప్రభుత్వం మాట వేరు. చట్టం ముందు లీ క్వాన్ యూ కొడుకైనా ఒకటే, కోర్టులు స్వతంత్రంగా తీర్పు ఇచ్చాయి, ఆయన్ని ఎవరూ వేధించలేదు, ఎప్పుడైనా తిరిగి రావచ్చు అంటుంది. ఇందులో ఎవరిది నిజం? విల్లు గొడవల్లో దూరాన కూర్చున్న మనం తీర్పు చెప్పలేం. మన ఊళ్ళల్లో అన్నదమ్ముల ఇంటి గొడవలే తేల్చలేం.

కానీ ఒకటి మాత్రం చెప్పగలను. 2002లో "ఈ నియామకాలు న్యాయమైనవే" అని నమ్మడానికి మనకి ఏది కావాల్సి వచ్చిందో, 2024లో "ఈ విచారణలు న్యాయమైనవే" అని నమ్మడానికీ సరిగ్గా అదే కావాలి. ఆ కుటుంబానికీ, దాని పార్టీకీ సంబంధం లేని ఎవరో ఒకరు గట్టిగా ప్రశ్న అడిగి, జవాబు రాబట్టి, ఆ తర్వాత నిశ్చింతగా ఇంటికెళ్ళి పడుకోగలగాలి. ఆ ఏర్పాటు బలంగా లేకపోవడం పన్నెండేళ్ళు యాంగ్‌కి ఇబ్బంది అనిపించి ఉండదు. అది తనకి అవసరం పడేసరికి అరవయ్యేళ్ళు వచ్చాయి. పాపం అనిపిస్తుంది. అదే సమయంలో, సింగ్‌టెల్‌లో ఉన్నప్పుడు ఈ మాట ఎందుకు అనలేదన్న ప్రశ్న కూడా న్యాయమైనదే.

ఇందులో మనకేంటి అంటారా? మన దగ్గర రాజకీయ కుటుంబాలకి కంపెనీలు ఉండడం, కంపెనీ కుటుంబాలు రాజకీయాల్లోకి రావడం కొత్త కాదు. ప్రతిసారీ మనం చేసే చర్చ ఒకటే. "ఆ అబ్బాయి సమర్థుడా, కాదా?" అభిమానులు డిగ్రీలు చూపిస్తారు, వ్యతిరేకులు ఇంటిపేరు చూపిస్తారు. సమర్థుడే అయ్యుండొచ్చండీ. యాంగ్ సమర్థుడే. అడగాల్సింది అది కాదు. ఆ కుర్చీలో పని పాడైతే అతన్ని దింపగలిగేవాళ్ళు ఎవరు, వాళ్ళు అతనికి ఏమవుతారు అన్నది. దానికి జవాబు "నాన్న", "వదిన", "బావమరిది" అని వస్తే, అతని డిగ్రీలు ఎన్ని ఉన్నా మనకి తెలిసింది సున్నా.

2025 నవంబర్‌లో సింగపూర్ ప్రభుత్వం ఆ ఆక్స్‌లీ రోడ్ ఇంటి స్థలాన్ని జాతీయ స్మారకంగా కాపాడే ఉద్దేశం ఉందని ప్రకటించింది. తండ్రి వద్దన్నారని తమ్ముడు, ఇది దేశ చరిత్ర అని ప్రభుత్వం. ఆ ఇంట్లో పెరిగిన కొడుకు లండన్‌లో ఉన్నాడు.

సింగపూర్ నుంచి మనం తెచ్చుకోవాల్సినవి చాలానే ఉన్నాయి, కాదనను. మెట్రో తెచ్చుకుందాం, డ్రైనేజీ తెచ్చుకుందాం, వేళకి పనిచేసే ఆఫీసులు తెచ్చుకుందాం. ఈ ఆర్గ్ చార్ట్ మాత్రం వద్దు. అది మన దగ్గర ఇప్పటికే కావాల్సినంత ఉంది.